మల్లిని వెతికిన మూడు దినాలు

పాలమూరులో ఒకే వాకిలి చుట్టూ ఉన్న కిరాయి గదుల్లో పక్కపక్కన కాపురముండే ఇద్దరు ఆడవాళ్లు. పెద్దామె తన పిల్లి మల్లిని వెతకడానికి బయలుదేరుతుంటే చిన్నామె అడ్డం వచ్చింది.

“పోకు అక్కా. మల్లి ఇగ రాదు.”

“గట్లనకు చెల్లె. ఆకలైతే అదే వస్తది.”

“నేనే దాన్ని గోనెసంచిల ఏసి అచ్చంపేట బండోళ్లకిచ్చి పంపిన.”

“నువ్వా? ఎందుకే?”

“సచ్చిన ఎలుకను తెచ్చి, పండుకున్న నా బిడ్డ పక్కల పడేసింది. ఊర్లె ప్లేగంటున్నరు. నా పానం గాబరైంది.”

“ఓసి పిచ్చిదానా! ఆ ఎలుకను నేనే రోకలితోని కొట్టి చంపి దిబ్బల పారేసిన. నన్నొక్క మాట అడుగకపోతివి!”

“అడిగితే పిల్లినియ్యవని భయమైంది.”

“మరి మూడు దినాల సంది నాతోని గల్లీలన్నీ తిరిగి, మల్లీ మల్లీ అని ఎందుకు పిలిచినవు?”

“అబద్ధానికి పిలువలేదక్కా. సంచి మూతి కట్టినప్పటి సంది, అది మర్లొస్తే బాగుండనే ఉన్నది.”

“బిడ్డకు జరం గిట్ల రాలేదు గద?”

“రాలేదక్కా.”

“మంచిది. నాలుగు దినాలు బిడ్డను నా అర్రలకు పంపకు. మల్లి ఏదని అడుగుతది. నీలెక్క అబద్ధం చెప్పుడు నాకు రాదు.”