నిమిషానికో అంతస్తు

నాలుగో అంతస్తు. నడుం కింద చచ్చుబడి మంచం పట్టిన భర్త. బట్టలు కుట్టి ఇల్లు నడిపే భార్య అప్పుడే మెట్లెక్కి లోపలికొచ్చింది.

“మళ్ళీ ఆయాసం. పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారి?”

“ఏమో, లెక్కపెట్టలేదు.”

“నేను పెట్టాను. ఆరు. ఓ చొక్కా కుట్టడం, మిషను ఆపడం, మెట్లమీదికి పరుగెత్తడం. యూనిఫాంలు సాయంత్రానికి ఇవ్వాలన్నావుగా?”

“రోజంతా కూర్చునేవాళ్ళు మధ్యమధ్యలో ఓ నిమిషం ఒళ్ళు వంచాలని డాక్టరమ్మ చెప్పింది కదండీ. సుగర్ తగ్గుతుందట.”

“ఒళ్ళు వంచమంది. ఇసుక బస్తా మొయ్యమందా?”

“ఏ బస్తా?”

“కాళ్ళతో పాటు చెవులు కూడా పడిపోయాయనుకున్నావా? తలుపు బయట దభీమని దించుతావు రోజూ.”

“సరే, మీ చెవులు మంచివే. ఈ పట్టీలోకి చెయ్యి దూర్చండి.”

“ఇదేమిటి? మందపు గుడ్డ, నాలుగు వరసల కుట్లు... ఎప్పుడు కుట్టావిది?”

“కుట్టానులెండి. రెండో చెయ్యి.”

“బస్తా ఎందుకో చెప్పందే పెట్టను.”

“అబ్బా! మొదట పది కిలోలు. తర్వాత ఇరవై. ఇప్పుడు నలభై. చాలా?”

“నేను యాభై ఎనిమిది.”

“తెలుసు.”

“కింద స్తంభం పగులు గురించేనా ఇదంతా?”

“చెయ్యి, చెయ్యి.”

“పైపూత పగిలిందంతే అన్నాడుగా ఓనరు. ఆదివారం ఎలాగూ మారిపోతున్నాం. మూడ్రోజులు! అంతగా అయితే మూడో అంతస్తు అన్నదమ్ములు లేరూ...”

“మొన్నే ఖాళీ చేశారు.”

“నాకు చెప్పలేదే!”

“చెప్తే నిద్రపోయేవారా?”

“తలుపు వెయ్యి ముందు. గాలి కొడుతోంది.”

“పడట్లేదు.”

“నిన్న పడిందిగా?”

“నిన్న పడింది. కొంచెం పక్కకి ఒరగండి, నడుం కిందనుంచి పోనివ్వాలి.”

“ఇదిగో, విను. నలభైకీ యాభై ఎనిమిదికీ చాలా దూరం. అంతవరకూ వస్తే నన్నొదిలేసి నువ్వు దిగిపో.”

“నోర్మూసుకోండి.”

“కోపం కాదు, నిజం చెప్పు. నన్నెత్తుకుని ఎన్ని అంతస్తులు దిగగలవు?”

“రెండు. అంతకన్నా నావల్ల కాదు. చూసుకున్నాను.”

“మరి మిగతా రెండు?”

“ఎదురు వాటా ఇస్త్రీ ఆవిడ.”

“ఆ గయ్యాళా? నీ మిషను చప్పుడుకి తల పగిలిపోతోందని మనమీదికి దండెత్తిన మనిషా?”

“ఆవిడే. నెల్రోజులుగా ఆవిడకీ ఓ బస్తా ఉంది. ఓ మూట ఇస్త్రీ అవ్వగానే నిమిషం దిగుతుంది, నిమిషం ఎక్కుతుంది.”

“నిజంగా?”

“మొదట నన్ను తిట్టింది. ఎందుకని అడిగి, మర్నాడు తనే ఇసుక తెచ్చుకుంది.”

“నేనావిడని ఎన్ని మాటలన్నానే...”

“తర్వాత చెప్పుకుందురు గాని. నా మెడ చుట్టూ గట్టిగా పట్టుకోండి. గట్టిగా!”

“పట్టుకున్నానులే. ఇవాళ బస్తాకి బదులు నేనా? సాధన అంటే సాధనే. మరి ఆవిణ్ణి పిలిచావా?”

“నేను పిలవలేదు. మెట్లమీద నన్ను పిలిచింది ఆవిడే. కింద స్తంభంలో ఇనుప చువ్వలు బయటపడ్డాయండీ.”