షాంపూ అల్లం దొంగ

"టీ వద్దు, ఏం వద్దు. ముందు నా అల్లం సంగతి తేల్చు మాబూబీ. ఈ సత్తెనపల్లి రోడ్డు మీద అల్లం టీ అమ్మేది నువ్వొక్కదానివే. నా పెరట్లో అల్లం మాయమైతే ఇంకెవరిని అడగాలి? పోలీస్ స్టేషనుకే పోతున్నా. నీ మొహం మీదే చెప్పి పోదామని ఆగా.

జరగరా ఆదాం, బల్ల మీద కూర్చోనీ. ఈ నతానియేలు పెంచింది కూరలో వేసే అల్లం అనుకున్నావా? షాంపూ అల్లంరా అది. కడియం నర్సరీ నుంచి చిన్న దుంప తెచ్చి, స్నానాల నీళ్ళు పారే చోట గోడ నీడన పెట్టా. మన ఎండకి మిరప మొక్కలే వాడిపోతాయా, అది మాత్రం నడుమెత్తు లేచింది. ఎర్రటి పువ్వు, మొక్కజొన్న పొత్తంత. పిండితే జిగురు నీళ్ళు. తలకి రుద్దుకున్నా."

"అంతవరకూ నమ్ముతాంలే బాబాయ్" అన్నాడు ఆదాం.

"నమ్మక చస్తావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిరపకి వెయ్యగా మిగిలిన ఎరువు గుప్పెడు దాని మొదట్లో పోశా. తెల్లారేసరికి పువ్వు ఇంటి కప్పు దాటిపోయింది. అదేం ఎర్ర దీపమని దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశారు. నిచ్చెనేసి నలుగురం పిండితే ఊరందరి తలలూ అయ్యాయి, గేదెలయ్యాయి, చర్చి గోడలయ్యాయి, ఇంకా కారుతూనే ఉంది. ఆ నురగ కాలవలో పడి పొన్నూరు దాకా పోతే, వడ్లు ఆరబోసుకున్నోళ్ళు మంచు కురిసిందని వాటి మీద పట్టాలు కప్పారు. మన చేలల్లో కూలీలు పత్తి విచ్చుకుందనుకుని ఒడి కట్టుకుని దిగి, నురగంతా తీసి పత్తి బోరాలకెత్తారు. నవ్వుతావేంట్రా? జిన్నింగ్ మిల్లువాడు కొన్నాడు కూడా. నురగక్కూడా తేమ ఎక్కువని తరుగు తీశాడు, వెధవ."

"అది మాత్రం నిజమే అయ్యుంటుంది" అన్నాడు ఆదాం.

"అలాంటి మొక్కరా. కోత పండక్కి చర్చిలో పెడతానని పాస్టరుగారికి మాటిచ్చా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోను? మొన్న ఆదివారం ఇంటినిండా చుట్టాలు. మా ఆవిడ దేవకుమారి మాంసం వండింది, నోట్లో పెడితే చేదు విషం. కంచం తోసేసి, చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి పోతే మొక్క లేదు, గొయ్యుంది. ఆకులన్నీ పక్కన పడేసి దుంపలే పట్టుకుపోయారు. దుంపలెవరిక్కావాలి? ఇదిగో, ఈవిడకి."

మాబూబీ గరిటె కింద పెట్టింది.

"పదిమందిలో నన్ను దొంగని చేశావు కాబట్టి పదిమందిలోనే చెప్తా, విను. ఆదివారం పొద్దున నీ పెళ్ళామే వచ్చింది, కూరలోకి అల్లం ముక్క ఉంటే ఇవ్వమని. అయిపోయిందమ్మా అన్నా. 'పోన్లే వదినా, మా పెరట్లో బోలెడుంది' అనుకుంటూ పోయింది."

ఆదాం నతానియేలు పొట్ట వంక చూశాడు.

"కేసు ఎవరి మీద పెడతావ్ బాబాయ్?"

నతానియేలు లేవబోయాడు. మాబూబీ గ్లాసు తెచ్చి ఠంగున అతని ముందు పెట్టింది.

"కూర్చో అన్నా. దొంగ చేతి టీ తాగిపో. అల్లం వెయ్యనా, వద్దా?"