మునీర్ గారు ఓడిన చివరి పందెం

“అది కంపెనీ సామాను ఆపా. ఎల్లుండి రిటైరయ్యేలోపు అప్పజెప్పకుంటే అబ్బా లెక్కే తెగది” అని అమీర్ మళ్లీ అన్నాడు. “ముట్టుకున్నవంటే చూడు! అమ్మీ పందెం ఇంకా అయిపోలే” అంటూ అక్క మహెక్ టీవీ పక్కనున్న మేకుకు అడ్డంగా నిలబడింది. ఆ మేకుకు వేలాడే ఇత్తడి బిళ్ళను అడగడానికే, వర్క్‌షాపు స్టోర్స్ గుమాస్తాగా, వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వారి తండ్రి మునీర్ గారు తల వంచుకుని కూర్చున్నారు.

ఆ బిళ్ళ ఆయన చేతికి వచ్చింది 1989 ఆగస్టు 3న, మందమర్రి వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరిన రోజున. మా దగ్గర పనిముట్టు తీసుకున్నవారు తమ నంబరు బిళ్ళను దాని స్థానంలో తగిలించి వెళ్లాలి. పనిముట్టు తిరిగి వచ్చాకే బిళ్ళ తిరిగి దక్కుతుంది. ఫిట్టర్‌గా గనుల పంపులకు ప్రాణం పోసి, ఆపై టూల్ రూమ్ బాధ్యతలు స్వీకరించిన మునీర్ గారు ఈ నియమాన్ని ఇంజనీర్లకు సైతం సడలించలేదు. “బిళ్ళ ఏలాడుతుందంటే ఇంక పని ఉన్నట్టే సార్” అని నవ్వుతూనే నిలబెట్టేవారు.

రోజంతా యంత్రాల నడుమ గడిపిన ఆ కళ్లు ఇంటికి వెళ్లినా విశ్రమించేవి కావు. సినిమాలోగానీ సీరియల్‌లోగానీ డ్రిల్లింగ్ మెషిన్ కనిపిస్తే చాలు, పేరు మీద నల్ల టేపు అతికించినా, పిడి వంపు చూసి కంపెనీ చెప్పేవారు. ఒకసారి మంచిర్యాల థియేటర్లో విలన్ కథానాయకుడి నుదుటికి డ్రిల్లు గురిపెట్టాడు. హాలంతా ఊపిరి బిగబట్టిన వేళ మునీర్ గారి గొంతు లేచింది: “అరె, గది మకిటా! కింద బ్యాటరీనే లేదు, ఎట్ల తిరుగుతది?” హాలు నవ్వులతో దద్దరిల్లింది. ఆయన సహధర్మచారిణి షకీలా గారు కొంగుతో ముఖం కప్పుకుని, “పెద్ద ఇంజనీరు మోపైండు! ఇజ్జత్ తీసినవ్” అన్నారట.

అలా అన్న ఆమే తర్వాత పందెం మొదలుపెట్టారు. కంపెనీ పేరు తప్పు చెప్పినవారు చాయ్ పెట్టాలి. ఎదుటివారు ఆ చాయ్ తాగేదాకా ఓడినవారి బిళ్ళ టీవీ పక్క మేకుకు ఉండాలి. ఆయనది ఇత్తడి బిళ్ళ, ఆమెది పాత కోటు గుండీ.

నిరుడు పక్షవాతం షకీలా గారి మాటను హరించింది, పందేన్ని మాత్రం ఆపలేకపోయింది. పసుపు డివాల్ట్ అయితే ఆమె పసుపు డబ్బాను చూపేవారు. నీలం బాష్ అయితే ఆయన యూనిఫాం చొక్కాను. ఒక సాయంత్రం సీరియల్‌లో వడ్రంగి చేతిలో డ్రిల్లు క్షణకాలం కనిపించింది. ఆయన మకిటా అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి, ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. మళ్లీ చూపినప్పుడు అది బాషే. ఆయన మేకుకు బిళ్ళ తగిలించి వంటింట్లోకి వెళ్లారు. చాయ్‌తో వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. ఆస్పత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు.

ఆ ఇంట్లో టీవీ మళ్లీ మోగలేదు. టూల్ రూమ్ బాధ్యులే బిళ్ళ లేకుండా తిరుగుతున్నారని మాకందరికీ తెలుసు, ఎవరమూ అడగలేదు. ఆదిలాబాద్‌లో కాపురముంటున్న మహెక్ తనతో రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, ఆయన ఆ మేకునే చూపించేవారు.

నేనూ అడగకుండానే వెనుదిరగబోయాను. “కూసో తిరుమలమ్మా” అని మునీర్ గారు లేచి, కాసేపటికి అందరికీ చాయ్ తెచ్చారు. ఒక కప్పు షకీలా గారి మంచం పక్క స్టూలు మీద పెట్టారు. దాని మీద ఆవిరి తగ్గేదాకా నిలబడి, బిళ్ళ తీసి నా చేతిలో ఉంచారు. అది కాస్త నల్లబడి ఉంది.

“అబ్బా...” అంది మహెక్.

“క్వార్టర్ ఖాళీ చేసి నీ ఎంబడి వస్త బేటా” అన్నారాయన నెమ్మదిగా, పిల్లలిద్దరికీ వినబడేలా. “టీవీ గూడ తెచ్చుకుంటా. అమ్మీ గుండీ నువ్వు వెట్టుకో. రోజూ పందెం ఉంటది. జర మంచిగ చూసి చెప్పాలె.”

మునీర్ గారూ, ఆదిలాబాద్‌లో మీరు తరచుగా ఓడిపోతూ, మీ బిడ్డకు స్వయంగా చాయ్ పెట్టి ఇస్తూ, చెక్కుచెదరని ఆరోగ్యంతో నిండు నూరేళ్లు చూడాలని వర్క్‌షాపు యావత్తూ కోరుకుంటోంది.