తువ్వాలు కింద పాట

"నేను చెప్పేది వేలం పాట సంగతి. మన యార్డు పాట కాదురా, పారిస్ పట్నంలో జపానోళ్ళ బొమ్మల పాట. అందులో పాడి గెలిచి తెచ్చుకున్న బొమ్మ ఒకటి మా ఇంట్లో గోడకుంది. పెద్ద గొప్పేం కాదు, ఉన్నమాట చెబుతున్నా. గౌస్ బాషా, పంచదార తగ్గించి ఇంకో టీ పొయ్యి."

గుంటూరు మిర్చి యార్డు గేటు పక్కన గౌస్ బాషా టీ బంకు. మధ్యాహ్నం రెండైంది. ఆన్‌లైన్ టెండర్లు అయిపోయి, కొనేవాళ్ళంతా కార్లెక్కి వెళ్ళిపోయారు. బెంచీ మీద ముగ్గురే మిగిలారు: కమీషన్ కొట్లో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసి మానేసిన పానకాలు, ఆయన ఈడు హమాలీ పేరయ్య, ఇప్పుడు అదే కొట్లో కంప్యూటర్ ముందు కూర్చునే దుర్గాప్రసాద్.

"ఏం బొమ్మ బాబాయ్?" అన్నాడు దుర్గాప్రసాద్, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

"ఆడమనిషి బొమ్మ. వానలో, పడవల రేవులో నిలబడుంటది. ఒక గొడుగు వేసుకునుంటది, ఇంకోటి ముడిచి చంకలో పెట్టుకునుంటది. ఆ రెండో గొడుగు ఎవరికని అడగవేం? పడవ దిగి వచ్చేవాడికి. వాడింకా రాలా. ఒరే, అది గీసిన బొమ్మ కాదు, అచ్చేసింది. చెక్క మీద చెక్కి, రంగుకో చెక్క చొప్పున, పెడన అద్దకం వాళ్ళు చీరలకి వేసినట్టు కాయితం మీద వేస్తారు. పదిహేను చెక్కలు పడితేగానీ ఆ వాన రాదు. మీరొచ్చి చూస్తేగదా తెలిసేది. ఎన్నిసార్లు చెప్పా, రెండు వీధుల అవతలేగా ఇల్లు? రేపొస్తాం, ఎల్లుండొస్తాం అంటారు. రెండేళ్ళైంది, ఆ గుమ్మం తొక్కిన మనిషి లేడు. కరెంటు బిల్లు కుర్రాడు కూడా మీటరు బయటుందని అట్నుంచి అటే పోతాడు. సరే, అది కాదు నేను చెప్పేది."

"అసలు పారిస్ ఎప్పుడెళ్ళావ్?" అన్నాడు పేరయ్య. "నువ్వు పొదిలి దాటి పోవడం నేను చూళ్ళా."

"నువ్వు చూడకపోతే జరగనట్టేనా? రెండేళ్ళ కింద, కార్తీక మాసం."

దుర్గాప్రసాద్ ఫోన్ నొక్కి చూశాడు. "పారిస్‌లో ఆ బొమ్మల వేలాలు నూట ఇరవై ఏళ్ళ కిందటివి బాబాయ్. ఇందులో ఉంది."

"ఉంటది. పాట అప్పుడు మొదలైంది. మరి మూడోసారి అని కొట్టేసినట్టు అందులో ఉందా? ఉండదు. నేనొచ్చేదాకా ఆపారు. అసలు ఈ బొమ్మలు దొరల చేతికెట్టా వచ్చాయో తెలుసా నీకు? జపానోడు పింగాణీ కప్పులు ఓడలో పంపుతా, పగలకుండా ఈ కాయితాలు నలిపి మధ్యలో కుక్కేవాడు. ఒక దొర పెట్టె విప్పి, కప్పు పక్కన పెట్టి, కాయితం సాపు చేసి చూశాడు. చూశాక కప్పు సంగతే మర్చిపోయాడు. అక్కణ్ణుంచి పట్టింది పిచ్చి. పెట్టెలకి పెట్టెలు కూడబెట్టారు. కూడబెట్టినోడు పోతాడు, పెట్టె మిగులుద్ది, మిగిలిన పెట్టె పాటకొస్తది. అంతేగా లోకం."

టీ గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగాడు పానకాలు.

"ఇంక ఆ హాలంటావా, మన యార్డంత ఉంటది. మూడొందల మంది దొరలు. సుత్తి పట్టుకుని పాటవాడు. నేను పోయి కూర్చుని, భుజం మీద తువ్వాలు తీసి ఇట్టా దులిపా. ఇదే తువ్వాలు. నలభై ఏళ్ళు తేజా రకం మిరపకాయల మధ్య తిరిగిన తువ్వాలు మరి, ఘాటు లేచింది. మొదటి వరసంతా తుమ్మారు. అక్కడ తల ఊపితే పాట పాడినట్టు లెక్క, తుమ్మితే రెండు పాటలు. రెండో వరస అందుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడొందల మందీ ఒక్కసారే తుమ్మారు. బొమ్మ రేటు ఒంగోలు గిత్తల జత దాటింది, ఒంగోలే దాటింది, గ్రానైట్ కొండలతో సహా ప్రకాశం జిల్లా మొత్తం దాటింది. సుత్తివాడు కూడా తుమ్మి, వాడి పాట వాడే కొట్టేసుకోబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపా."

"తుమ్మారంటే నమ్ముతా," అన్నాడు గౌస్ బాషా. "ఈ ఘాటుకి మా ఆవిడ కరీమున్ బంకు ఛాయలకే రాదు."

"చూశావా, సాక్ష్యం ఇక్కడే ఉంది. అప్పుడు బొమ్మని పైకెత్తి చూపించారు. ఎత్తేసరికి అందులో వాన బయటికొచ్చింది. ముందు వరసలో కోట్లు తడిశాయి, వెనకోళ్ళు గొడుగులు తీశారు. మోకాళ్ళ లోతు నీళ్ళు. ఆ బొమ్మ తెచ్చి పొదిలి సెంటర్లో తగిలిస్తే కంది ఏడాదికి మూడు పంటలు పండుద్ది. నేనే ఇవ్వలా."

"ఇయ్యకపోయావా? మా అల్లుడు అక్కడ నాలుగు బోర్లేయించి తల పట్టుకున్నాడు," అన్నాడు పేరయ్య.

"అడిగితే చూద్దాం. చివరికి పాటలో ఇద్దరం మిగిలాం, నేనూ ఒక దొరసానీ. తుమ్మీ తుమ్మీ ఆమెకి మాట పడిపోయింది. కుడిచెయ్యి కూడా లేవట్లా. మరి పాటెట్టా? అప్పుడు మన పాత పద్ధతి పెట్టా. నీకు తెలీదులే దుర్గాప్రసాదూ, మీరు మీటలు నొక్కేవాళ్ళు. మా రోజుల్లో కొనేవాడూ నేనూ తువ్వాలు కింద చేతులు పట్టుకునేవాళ్ళం. రేటు వేళ్ళతో చెప్పుకోడమే, పక్కనున్నోడికి కూడా తెలిసేది కాదు. ఆమె ఎడం చేతి మీద తువ్వాలు కప్పి, ఆ వేళ్ళ భాష నేర్పా. ఒక్కసారి నొక్కితే ఔను. రెండుసార్లు నొక్కితే కాదు. గుప్పిట పట్టుకుంటే ఉండు, పోమాక."

"వేళ్ళల్లో రేట్లుగదా ఉండేది? పోమాక ఏంది?" అన్నాడు పేరయ్య.

"పారిస్‌లో అంతే. అడ్డం రాబాక. పంతొమ్మిది రోజులు సాగింది పాట. నాకు ఇనప స్టూలేశారు. దానికి ఒక కాలు పొట్టి, కదిలితే చాలు టకటక కొట్టుకునేది. ఎవరో పుణ్యాత్ముడు అట్టముక్క మడిచి దాని కింద పెట్టాడు. కిటికీలోంచి చూస్తే అవతల గోడే కనపడేది. తెల్లబట్టల పిల్ల పూటకోసారి వచ్చి కాయితం మీద ఏదో రాసుకుపోయేది, రేటేమో మరి. నేను లేవలా. లేస్తే పాట పోద్ది. నొప్పిగా ఉందా అంటే ఒకసారి నొక్కేది. నీళ్ళు కావాలా అంటే రెండుసార్లు. కాసేపు ఇంటికెళ్ళొస్తానే అంటే మాత్రం గుప్పిట పట్టేది."

దుర్గాప్రసాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంతొమ్మిదో రోజు పొద్దున నేను నొక్కా. బదులు రాలా. ఒకటోసారి. మళ్ళీ నొక్కా. రెండోసారి. చెయ్యి వదిలేసింది. పాటలో చెయ్యి వదిలేస్తే ఏంటి లెక్క? పాట నాదేగా? గెలిచొచ్చా. ఎవర్నన్నా అడుగు, పానకాలు పాటలో ఓడిపోయిన రోజు లేదు."

గ్లాసులు కడుగుతున్న గౌస్ బాషా చేతులు తుడుచుకుని బల్ల ఇవతలికొచ్చాడు.

"బాబాయ్, ఆ స్టూలు కింద అట్టముక్క పెట్టింది నేను. టీపొడి డబ్బా అట్ట. పెద్దాసుపత్రిలో, రెండేళ్ళ కింద కార్తీకంలో. పంతొమ్మిది రోజులూ నీకు ఫ్లాస్కులో టీ తెచ్చా. సామ్రాజ్యం పిన్ని పోయిన పొద్దున కూడా తెచ్చా, నువ్వు తాగలేదు."

యార్డులోంచి మిర్చి టిక్కీలు వేసుకుని లారీ ఒకటి బయటికి పోయింది, దాని వెనకే ఘాటు వచ్చింది. పానకాలు దగ్గాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఘాటు వల్లేనని మాత్రం అనలేదు.

"క్యాలెండర్ బొమ్మే అది," అన్నాడు పానకాలు. "కాయలు పరీక్ష చెయ్యడానికి వచ్చిన జపానోళ్ళు ఇచ్చారు. పారిస్ సంగతులు కూడా వాళ్ళతో వచ్చిన పిల్లే చెప్పింది. కింద తేదీలు కత్తిరించి గోడకి అంటించింది సామ్రాజ్యం. ఆ రెండో గొడుగు నీకేనయ్యా అనేది. వానొస్తే యార్డు గేటు దాకా గొడుగు తెచ్చేదిగదా, మీకు తెలుసుగా. పారిస్‌లో ఉన్నాననుకుంటే ఆ పంతొమ్మిది రోజులూ వేరేగా ఉంటయ్యిరా. చివర్లో గెలవొచ్చు. ఇంటికి పోతే ఆమొక్కతే గోడ మీద, నేనొక్కణ్ణే మంచం మీద. ఉండలేకపోతున్నా."

పేరయ్య దగ్గరికి జరిగాడు. పాట కొట్టేశాకే హమాలీకి పని. అందుకని అన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాడు కాదు. ఇప్పుడు పానకాలు భుజం మీది తువ్వాలు తీసి, బెంచీ మీదున్న ఆయన చేతి మీద కప్పి, తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

"ఎంతరా?" అన్నాడు పానకాలు అలవాటు కొద్దీ.

"నాకీ లెక్కలు రావు. లే, మీ ఇంటికి పోదాం. బొమ్మ చూపించు."

పానకాలు లేవలేదు. తువ్వాలు కింద పేరయ్య చేతిని గుప్పిట పట్టుకున్నాడు.