డిక్టేషన్ ఆగిన తరగతిలో వరప్రసాదరావుగారు

1974 జూలై ఎనిమిదో తేదీన, వానకు తడిసిన సర్టిఫికెట్లను ఆఫీసు బల్లమీద ఆరబెట్టుకుని, శ్రీ వరప్రసాదరావుగారు మన అనకాపల్లి పి.జి. కేంద్రంలో రసాయనశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. గంట కొట్టింది మొదలు మళ్ళీ గంట కొట్టేదాకా, కామాలు ఫుల్‌స్టాపులతో సహా ఆయన నోట్సు చెప్పేవారు. విద్యార్థులు తల ఎత్తకుండా రాసుకునేవారు. ఆ నోట్సుతో పరీక్షలు గట్టెక్కినవారు చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉన్నారు. తరువాత రీడరుగా, శాఖాధిపతిగా ఎదిగినా, ఆ కాగితాలున్న బీరువా తాళంచెవి మాత్రం ఆయన చొక్కాజేబు దాటి రాలేదు.

2006లో విశ్వవిద్యాలయం పాఠాలన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాలనీ, వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చుననీ నిర్ణయించింది. అంతవరకు పుస్తకాలిచ్చి పుచ్చుకున్న గ్రంథాలయాధికారిణి ఆరోగ్యమేరిగారు, ఇప్పుడు అధ్యాపకుల గదులకు వెళ్ళి పాఠాలు అడగవలసి వచ్చింది. వరప్రసాదరావుగారు ఒకసారి పని ఒత్తిడి అన్నారు, ఒకసారి కళ్ళజోడు అన్నారు. అసలు సంగతి ఒకనాడు ఆయన నోటనే వచ్చింది.

“నోట్సంతా ఊరికి పంచేసేక ఇంక నేనెందుకండీ మేరీగారూ? గంట కొట్టడానికా?”

“దానికి మన అటెండరు కన్నబాబున్నాడు కదండీ మాస్టారూ. ఆడి ఉద్యోగానికి ఎసరు పెట్టకండి.”

ఆయన నవ్వలేదు కాని, తాళంచెవి తీసి ఇచ్చారు.

కొన్నాళ్ళకు తరగతికి వెళితే, అందరి ముందూ ఇంటర్నెట్ నుంచి తీసుకున్న ఆనాటి పాఠం అచ్చుకాగితాలే ఉన్నాయి. “రాసుకోండి” అనబోయి ఆగిపోయారు. ఇన్నేళ్ళూ ఆ మాట చాటున తాను ప్రశ్నల నుంచి దాక్కున్నానని ఆయనకు తోచింది. అప్పుడు కశింకోట నుంచి వచ్చే చిన్నమ్మలు లేచి నిలబడింది.

“మాస్టారూ, మా నాన్న బెల్లం వండినప్పుడు సెరుకురసంలో సున్నంనీళ్ళేత్తాడండి. ఎందుకేత్తాడో ఇందులో నేదండి.”

“పులుపు విరుస్తుంది, మురికి తెట్టెకట్టి పైకొస్తుంది. ఎంతేస్తాడమ్మా?”

“రంగు సూసి ఏత్తాడండి.”

“అయితే మనమూ చూద్దాం పద.”

ఆ వారమే తరగతి తరగతంతా లిట్మస్ కాగితాలతో కశింకోట పొయ్యిల దగ్గరకు వెళ్ళింది. అక్కడ పుట్టిన పాఠాన్ని ఆయన స్వయంగా ఇంటర్నెట్‌లో ఉంచారు. ఏడాది తిరగకుండానే వేరే జిల్లా అధ్యాపకుడొకరు దానిని కుదించి, తాటిబెల్లం సంగతి చేర్చారు.

“నన్నడక్కుండా నా పాఠం మీద చెయ్యేసేడేటండీ” అని ఆరోగ్యమేరిగారి దగ్గర గింజుకున్నారు. అక్కడే నిలబడి మరోసారి చదివి, “పాఠం బాగానే కట్టేడండి” అన్నారు. అప్పటి నుంచి ప్రతి పాఠం చివరా ఒక వాక్యం చేర్చడం ఆయనకు అలవాటైంది: ‘మార్చవలసినది ఉంటే మార్చండి, ఏం మార్చారో నాకు చెప్పండి.’

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. తాళం లేని ఆ బీరువాలో ఇప్పుడు పిల్లలు సైకిలు పంపు దాచుకుంటున్నారు. ఆ పాఠాలను ముందు తరాలవారు ఎన్ని విధాల మారుస్తారో, అవన్నీ వింటూ, కొన్నిటికి గింజుకుంటూ, చివరికి “బాగానే కట్టేడు” అంటూ, వరప్రసాదరావుగారు కుటుంబసమేతంగా సంపూర్ణారోగ్యంతో చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.