మైకు కట్టేసిన రోజు

నా రిటైర్మెంటు సభకి అధ్యక్షులైన మేనేజరు గారికి, నా పక్కన కూర్చుని గడియారం చూసుకుంటున్న యూనియన్ పెద్దాయనకి, ఎదురుగా ఉన్న అక్కలకీ అన్నలకీ తమ్ముళ్లకీ, మొదటి వరసలో అప్పుడే కునుకు తీస్తున్న మావారికీ నమస్కారం. (నవ్వులు)

ఒక్కసారి తల పైకెత్తండి. ఈ హాల్లో తిరుగుతున్న ఫ్యాన్లన్నీ మనం చేసినవే. ఇందాక మేనేజరు గారు నన్ను ఆకాశానికెత్తేస్తుంటే, వింటున్నట్టు తల ఊపుతూ నేను వీటినే చూస్తున్నాను. ఏ ఫ్యానుకి ఎవరు తీగ చుట్టారో, ఎవరు రెక్కలు బిగించారో అనుకుంటూ రెప్ప వాలిస్తే చాలు, మన ఫ్యాక్టరీలో కింద మీరంతా తిరుగుతూ ఉంటారు, పైన అద్దాల గదిలో నేనుంటాను.

“వైండింగ్ వాళ్లూ, తీగ వస్తోంది. ప్యాకింగ్ వదినా, కాస్త ఆగు” అంటూ ఏ సరుకు ఎప్పుడు ఎటు కదలాలో ఏళ్ల తరబడి మైకులో నేనే చెప్పాను. ఇంట్లోనూ అదే గొంతు, కావాలంటే మావారిని అడగండి. (నవ్వులు) ఆమధ్య ఆ గొంతు పూర్తిగా పోయింది, గుర్తుందా? పెయింటింగ్ వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. చెక్క గోడకి అవతలే రెక్కలు గుట్టపడి ఉన్నా, నేను చెప్పలేదని ఎవరూ తేలేదు. నేను లేకపోతే పుల్ల కూడా కదలదని పొంగిపోతూ, ఇంటికెళ్లి సైగలతో చెప్పాను. “పోయింది నీ గొంతు కదా, వాళ్ల చేతులకేమైంది?” అన్నారు మావారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

తర్వాత మేనేజరు గారు నా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, నా గదిలో కంప్యూటరు పెట్టి అన్నీ దానిచేత చెప్పించడం. దాన్ని చూసుకోవడానికి రిటైరయ్యాక కూడా నన్ను ఉంచుతామన్నారు. రెండోది, మీలో మీరే చెప్పుకోవడం. ఒక్కో బల్ల మీదున్న సరుకు డబ్బా ఖాళీ అయితే, ఆ సరుకు తయారుచేసే వెనక బల్లకి పంపాలి, వాళ్లు నింపి ఇవ్వాలి, ఖాళీ డబ్బా రాకపోతే కొత్త సరుకు చేయకూడదు. ఇక పై గదితో పని లేదు.

నాకు ఉండిపోవాలనే ఉంది. అయినా డబ్బాలే కావాలన్నాను. పైన ఆ కంప్యూటరు మూగబోయిన రోజు మీరు మళ్లీ చేతులు కట్టుకుని కూర్చోవడం నాకిష్టం లేదు.

మొదటి రోజు మైకు కట్టేసి, అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. నీలం డబ్బాలు చప్పుడు లేకుండా, నీళ్లలో తేలుతున్నట్టు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్తున్నాయి. మధ్యాహ్నం దాకా ఒక్కరూ తల పైకెత్తలేదు. మనసు చివుక్కుమంది. ఇంత అందంగా ఉందే, ఇందులో నేను లేనే అనిపించింది.

అంతలో ప్యాకింగ్ వదిన పైకి చూసి చెయ్యూపింది. ఏదో ఇబ్బంది వచ్చిందనుకుని, నిజం చెప్పొద్దూ, సంతోషంగా మైకు అందుకున్నాను.

“మైకెందుకమ్మా! కిందికి రా, టీ చల్లారిపోతోంది” అని అరిచింది.

అన్నేళ్లూ నేను మిమ్మల్ని పిలవడమే గానీ, మీరు నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ టీకి మీ అందరికీ రుణపడి ఉన్నాను.

ఈ మైకు ఆ గదిలోదే. చివరి మాట ఇందులో చెప్పబుద్ధి కావడం లేదు. (మైకు కట్టేసి) వెనక వాళ్లకి వినబడుతోందా?

(“వినబడుతోందక్కా!” అని వెనక నుంచి)

అయితే చాలు. సెలవు.