దేవుడికి చెప్పుకున్న మాట

కూర్చోవే, ఆ తెల్లకోటు కుర్చీ మీద పడేసి. ఏమన్నావూ, పేషెంటు "నా కోసం దణ్ణం పెట్టుకో" అంటే ఏం చెప్పాలో మీ పుస్తకాల్లో లేదా? మీ తాతకేం తెలుసనుకోకు, మా అక్కకీ ఇదే వచ్చిపడింది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఇది జరిగినప్పుడు తను నర్సింగు రెండో ఏడు. మా నాన్న పోయాక దేవుడి మాటెత్తితే మొహం తిప్పుకునేది. వాళ్ల వార్డు మేడమేమో, ఆవిడ చెప్పుల చప్పుడుకే గ్లాసులు అదిరేవిట, అది వేరే కథ, "వార్డులో దేవుడూ దెయ్యమూ వద్దు, బీపీ చూశావా, రాశావా, కదులు!" అనేది. అట్లాంటి మా అక్కకి ఓ లారీ డ్రైవరు తగిలాడు. మనిషి తలుపంత ఉంటాడు, తెల్లారితే గుండె ఆపరేషను. దుప్పటి అంచు పీక్కుంటూ, "చెల్లెమ్మా, నాతో పాటు ఒక్క దణ్ణం పెట్టవా" అన్నాడు. అక్క పెడితే అబద్ధం, పెట్టనంటే ఆ మనిషి ఏమైపోతాడో. మేడమ్ వస్తోందేమోనని గుమ్మం వైపు ఒక కన్ను. చివరికి, "నాకు రాదన్నా. నువ్వు పెట్టుకో, నేను పక్కనే ఉంటా" అని స్టూలు లాక్కుంది.

అతను కళ్లు మూసుకుని పైకే మొదలెట్టాడు. "స్వామీ, మొక్కు తప్పలేదు, భారమంతా నీ మీదే వేశా, వీళ్లిచ్చిన మాత్ర ఒక్కటీ మింగలేదు..." అక్క పరుపెత్తి చూస్తే ఏముందీ, అన్నీ అక్కడే! అవి వేసుకోకుండా కోస్తే టేబుల్ మీదే పోతాడమ్మా. "డాక్టరుగారికి చెప్పాలన్నా" అంది. చెయ్యి పట్టేసుకున్నాడు. "నేను చెప్పుకున్నది దేవుడికి, నీకు కాదు!"

అక్క చెయ్యి విడిపించుకుని, వరండా పొడుగునా పరుగెత్తి డాక్టరుకి చెప్పేసింది. ఆపరేషను వాయిదా వేశారు. మేడమ్ తిడుతుందనుకుంటే, "దేన్ని నమ్ముకున్నావయ్యా అని అతన్ని మనం ఒక్కరమూ అడగలేదే" అంటూ కూలబడింది. అతనికి గురి ఉన్న పెద్దాయన్నెవర్నో పిలిపించి, మాత్ర మింగినా మొక్కు పోదని చెప్పించారు. మింగాడు, బతికాడు. ఇంటికెళ్లేటప్పుడు వార్డంతటికీ దణ్ణం పెట్టి, మా అక్క పక్కనుంచి మాత్రం గోడ పక్కనుంచి పోయినట్టు పోయాడు. అదీ దాని బాధ.

ఆ తర్వాత ఏ పేషెంటు దగ్గరికెళ్లినా, "భయమేస్తే దేన్ని తలుచుకుంటారు?" అని అడిగేది. "నాకు చెప్పింది డాక్టరుకీ చెప్తాను సుమా" అని ముందే అనేసేది. ఆఖర్న తను మంచాన పడ్డప్పుడు నేనే అడిగా. "అక్కా, నీకు భయమేస్తే..." అని. మంచం పక్కనున్న స్టూలు చూపించింది. నేను కూర్చున్నాక, "నువ్విట్లా పక్కనుంటే చాల్రా" అంది.

ఆ ఫ్యాను కాస్త తగ్గించవే, చలేస్తోంది.